పాటర్సన్‌లో ఒక పాలస్తీనా భోజనశాల: అత్తగారితో, పిల్లలతో రెండు పూటలు

న్యూజెర్సీ రాష్ట్రంలోని పాటర్సన్ నగరంలో, దక్షిణపు కొసన, మెయిన్ స్ట్రీట్‌లో కొంత భాగానికి 2022లో పాలస్తీనా వే అని కూడా పేరు పెట్టారు. ఆ పేరు రాకముందు నుంచే ఆ వీధి అరబ్బీ బోర్డులతో, రొట్టెల బట్టీలతో, మిఠాయి దుకాణాలతో, హలాల్ మాంసం కొట్లతో నిండి ఉండేది. ఆ వీధిలోంచి పక్కకు తిరిగే ఒక సందులో పద్నాలుగు బల్లలున్న చిన్న పాలస్తీనా భోజనశాలలో మేము నెల రోజుల వ్యవధిలో రెండు పూటలు భోజనం చేశాము. మొదటిసారి శనివారం సాయంత్రం, ముందుగా చెప్పకుండా వెళ్ళాము. రెండవసారి ఆదివారం మధ్యాహ్నం, ఒక రోజు ముందే ఫోన్ చేసి వంటకం చెప్పి మరీ వెళ్ళాము. ఈ రెండు పూటలకూ మధ్య ఉన్న తేడాయే ఈ సమీక్షకు కారణం. భోజనశాల పేరు మాత్రం రాయడం లేదు. ఒకే కుటుంబం చేతిమీద నడిచే చోటు అది. నేను చెప్పబోయే వాటిలో మెచ్చుకోళ్ళతో పాటు కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నాయి. పైగా అక్కడ ఎలా తినాలో తెలిస్తే, ఆ వీధిలో ఇంటి తరహా వంట చేసే ఏ చోటికైనా ఆ తెలివి పనికివస్తుంది.

మేము ఐదుగురం. నేను, మా వారు, తొమ్మిదేళ్ళ బాబు, నాలుగేళ్ళ పాప, ఇండియా నుంచి ఆరు నెలల కోసం వచ్చిన మా అత్తగారు. అత్తగారు మిగతా రోజుల్లో మాంసం తింటారు గానీ శనివారం నీసు ముట్టరు. పాప అన్నం తప్ప మరొకటి ముట్టదు. బాబుకు ఆకలి వేస్తే పది నిమిషాలు కూడా ఆగడు. కుటుంబాలకు అనువైన చోటు అని ఎవరైనా చెప్పినప్పుడు, ఇలాంటి ఐదుగురిని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఎవరూ అలగకుండా లేవగలరా అన్నదే నా కొలత. రంగుల పెన్సిళ్ళు, బొమ్మల కాగితాలు ఇచ్చినంత మాత్రాన ఆ పరీక్షలో నెగ్గినట్టు కాదు. అసలు ఈ భోజనశాలలో అవి లేనే లేవు.

లోపలికి అడుగు పెట్టగానే యజమానురాలు గల్లా దగ్గర నుంచే 'తఫద్దలూ' అని పిలిచారు. దయచేయండి అని అర్థమట. యాభై దాటిన మనిషి. ఆవిడ అమ్మగారి కుటుంబం పాలస్తీనాలోని వెస్ట్ బ్యాంక్ నగరం నాబ్లుస్ దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిందని తరువాత మాటల్లో తెలిసింది. అత్తగారిని చూసి 'ఖాల్తో' అన్నారు. ఆ మాటకు అర్థమేమిటని మా వారు అడిగితే, అమ్మకు తోబుట్టువును అలా పిలుస్తామని ఇంగ్లీషులో చెప్పారు. మా వారు దాన్ని తెలుగులో అత్తగారికి వివరించగానే, "అయితే పెద్దమ్మ అన్నమాట, చిన్నదాన్ని చేసి పిన్ని అనలేదు కదా" అని అత్తగారు నవ్వారు. ఆ తరువాత ఆ రెండు పూటలూ ఆవిడకు దక్కిన మర్యాద మాకు ఎవరికీ దక్కలేదు.

నాకు మొదట నచ్చినది చేతులు కడుక్కునే తొట్టి. దాన్ని మరుగుదొడ్డి లోపల దాచిపెట్టకుండా, భోజనాల గదిలోనే గోడవారగా, పిల్లలకు అందే ఎత్తులో ఒక పీట వేసి మరీ పెట్టారు. చేత్తో తినే వంట వండేవారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర లేదు. తొట్టి పక్కన లేత తెలుపు రంగులో, వాసన పెద్దగా లేని, నలుచదరపు సబ్బు ముక్క ఉంది. అది ఆలివ్ నూనెతో చేసే నాబ్లుస్ సబ్బు. దాన్ని తయారు చేసే సంప్రదాయాన్ని 2024లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. నురుగు తక్కువ వస్తుంది గానీ, భోజనం చివర చేతికి అంటిన నూనెను అదే సులువుగా వదిలించిందని అనుభవం మీద చెప్పగలను.

శనివారం నాడు మేము చేసిన పొరపాటు ఏమిటంటే, ఎవరి పళ్ళెం వారు తెప్పించుకోవాలనుకోవడం. నేను ఒకటి, మా వారు ఒకటి, బాబుకు మరొకటి చెప్పబోతుంటే యజమానురాలు కలం జేబులో పెట్టేసి, ఐదుగురికీ ఒకే పెద్ద వంటకం, దాని చుట్టూ నాలుగైదు చిన్న పళ్ళాలు, రొట్టెలు చాలని నిక్కచ్చిగా చెప్పారు. అమ్మకం తగ్గించే సలహా ఇచ్చే హోటల్ వారిని నేను అరుదుగానే చూశాను. ఆ మాట విని మేము బాగుపడ్డాము గానీ, నా మొండితనం కొద్దీ తెప్పించుకున్న కోడి కబాబు పళ్ళెం మాత్రం సగానికి పైగా మిగిలిపోయింది. ఆ కబాబు మంచిదే. కానీ అలాంటి కబాబు ఆ వీధిలో ఎక్కడైనా దొరుకుతుంది, దాని కోసం ఇక్కడిదాకా రానవసరం లేదు.

శాకాహారం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామందికి మొదటి ప్రశ్న అదే. పేరు చూసి శాకాహారమని నమ్మి తెప్పించుకోకూడని వంటకాలు ఇక్కడ మూడు కనిపించాయి. మొదటిది ఎర్ర కందిపప్పు లాంటి పప్పుతో చేసే సూపు. ఇక్కడ దాన్ని కోడిని ఉడికించిన నీళ్ళతో కాస్తారు. అత్తగారు దాన్ని వేలితో చూపించగానే వడ్డించే అమ్మాయి తనంతట తానే వద్దని చెప్పింది. రెండవది ద్రాక్ష ఆకుల్లో బియ్యం చుట్టి ఉడికించే వరఖ్ దవాలీ. ఇది కొన్ని ఇళ్ళలో మాంసం లేకుండా కూడా చేస్తారు గానీ, ఇక్కడ బియ్యంలో ఖీమా కలుపుతారు. మూడవది మఖ్లూబా అనే అన్నపు వంటకం; పైకి వంకాయ, కాలీఫ్లవర్ ముక్కలే కనిపించినా అన్నం ఉడికేది మాంసపు రసంలోనే. కునాఫా అనే మిఠాయిలోని చీజ్‌ను విరగ్గొట్టడానికి సంప్రదాయంగా జంతువుల కడుపు నుంచి తీసిన రెనెట్ అనే పదార్థం వాడతారు కాబట్టి, అంత నిష్ఠ పాటించేవారు దాన్ని కూడా అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇవన్నీ తీసివేసినా అత్తగారి ముందున్న బల్ల ఖాళీగా లేదు. ముజద్దరా వచ్చింది. మసూర్ గింజలు, బియ్యం కలిపి వండి, పైన నల్లబడే అంచుదాకా వేయించిన ఉల్లిపాయలు కుప్పగా పోసే వంటకం అది. అందులో మసాలా అంటే జీలకర్ర మాత్రమే. రుచంతా ఆ ఉల్లిపాయల్లోనే ఉంటుంది కాబట్టి, వాటిని తొందరపడి వేయిస్తే వంటకమే చెడిపోతుంది, ఇక్కడ తొందరపడలేదు. పక్కన చిలికిన పెరుగు ఇచ్చారు. పాప ఆ ముజద్దరాను అన్నమనుకుని తిన్నది, అన్నమే కాబట్టి నేను సరిదిద్దలేదు. ఫలాఫెల్ వేడివేడిగా, పైన నువ్వులు అద్దుకుని వచ్చింది. మనం మసాలా వడకు శనగపప్పును నానబెట్టి బరకగా రుబ్బినట్టే, వారు కాబూలీ శనగలను ఉడికించకుండా నానబెట్టి, కొత్తిమీర, పార్స్‌లీ ఆకులతో కలిపి రుబ్బుతారు. అందువల్లనే విరిస్తే లోపల ఆకుపచ్చగా, పొడిపొడిగా ఉంది. ఆ నూనెలో మరేదీ వేయించడం లేదని వంటింట్లోంచి వచ్చిన పెద్దమనిషి చెప్పాకే అత్తగారు చేయి పెట్టారు.

శనగల ముద్ద హమ్మస్ గురించి ఒక్క మాట. దుకాణంలో చల్లగా, డబ్బాలో దొరికేదానితో దీన్ని పోల్చవద్దు. ఇది గోరువెచ్చగా, చెంచా వెనకతో గుండ్రంగా గాడి తీసి, ఆ గాడి నిండా ఆలివ్ నూనె పోసి వచ్చింది. ఆ నూనెను విడిగా ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే ముందు పచ్చి వాసన, తరువాత చిరుచేదు, ఆఖరున గొంతులో మిరియపు ఘాటు తగిలింది. నూనె తాజాదనానికి అదే గుర్తు. పాలస్తీనా వంటలో ఆలివ్ నూనె పోపుకు మాత్రమే పరిమితం కాదు. అన్నంలో నెయ్యిలా చాలాచోట్ల దాన్ని పచ్చిగానే పోసుకుంటారు. ముతబ్బల్ అనే కాల్చిన వంకాయ, నువ్వుల ముద్దల మిశ్రమంలో మాత్రం నాకు పొగ వాసన చాలలేదు. వంకాయను మంట మీద కాకుండా ఓవెన్లో కాల్చి ఉంటారని నా అనుమానం.

ఇక ముసఖ్ఖన్. ఈ భోజనశాలకు నేను ఎవరినైనా పంపాలంటే దీని కోసమే పంపుతాను. పాలస్తీనా పల్లెల్లో శరదృతువులో, అక్టోబరు, నవంబరు నెలల్లో ఆలివ్ కాయలు కోసి కొత్త నూనె తీస్తారు. ఆ కొత్త నూనెతో చేసుకునే వంటకంగా ముసఖ్ఖన్‌కు పేరు. కిలోల కొద్దీ ఉల్లిపాయలు సన్నగా తరిగి, మంట తగ్గించి, నూనెలోనే మెత్తబడేదాకా మగ్గనిస్తారు. సుమాక్ అనే పొదకు కాసే చిన్న కాయలను ఎండబెట్టి కొట్టిన ముదురు ఎరుపు పొడిని అందులో ధారాళంగా కలుపుతారు. ఆ పొడి పులుపు చింతపండులా పళ్ళు పులిసేలా ఉండదు, నిమ్మలా పదునుగానూ ఉండదు. ఎండిన పండు పులుపులా మెల్లగా తగులుతుంది. ఆ ఉల్లిపాయల ముద్దను తాబూన్ రొట్టె మీద పరిచి, పైన కాల్చిన కోడి ముక్కలు, వేయించిన బాదం పప్పులు వేసి, మళ్ళీ ఒకసారి బట్టీలో పెట్టి తెస్తారు.

పళ్ళెం రాగానే చాలామంది కోడిని చూస్తారు. చూడవలసినది రొట్టెను. సంప్రదాయపు తాబూన్ బట్టీలో రొట్టెను నున్నటి గులకరాళ్ళ మీద కాలుస్తారు. అందుకే దాని అడుగున వేలి ముద్రలు పడినట్టు గుంటలు ఉంటాయి. ఇక్కడి బట్టీ గ్యాసుతో నడిచేదే అయినా లోపల రాళ్ళు పరిచారు. నేను రొట్టె అంచు ఎత్తి చూశాను, గుంటలు ఉన్నాయి. పైనున్న ఉల్లిపాయల నుంచి కారిన నూనె, సుమాక్ రంగు, కోడి రసం అన్నీ కలిసి ఆ గుంటల్లో నిలిచి ఉన్నాయి. రొట్టె మధ్యభాగం నానిపోయి చేతిలో జారుతుంటే అంచులు ఇంకా కరకరలాడుతున్నాయి. మా వారు ఫోర్కు తీసుకోబోతే యజమానురాలు దూరం నుంచే తల అడ్డంగా ఊపారు. చేత్తో రొట్టె చింపి, దానితోనే ఉల్లిపాయలను, కోడి పీలికను కలిపి పట్టుకోవాలి. ఈ విద్య మనకు ఎవరూ నేర్పనక్కర లేదు కాబట్టి బాబు పది నిమిషాల్లో నాలుగో వంతు రొట్టె ఖాళీ చేశాడు. కోడి రొమ్ము భాగం కొంచెం ఎండినట్టుంది, తొడ ముక్క బాగుంది. ముందే తొడ ముక్కలు కావాలని అడిగితే ఇస్తారట, ఆ మాట పళ్ళెం సగమయ్యాక తెలిసింది.

ఆ శనివారం లేచేటప్పుడు యజమానురాలు, మఖ్లూబా తినకుండా ఈ ఇంట్లో భోజనం చేశామని అనుకోవద్దని, అయితే దాన్ని ముందు రోజే చెప్పాలని అన్నారు. దాని కోసమే రెండవసారి వెళ్ళాము. ఆదివారం కాబట్టి అత్తగారికీ అడ్డు లేదు.

మఖ్లూబా అంటే తలకిందులు చేసినది అని అర్థం. కుండ అడుగున మాంసం, దాని మీద వేయించిన వంకాయ, కాలీఫ్లవర్, బంగాళాదుంప ముక్కలు వరసలుగా పేర్చి, పైన నానబెట్టిన బియ్యం పోసి, మసాలా దినుసులు వేసిన మాంసపు రసం పోసి ఉడికిస్తారు. దాల్చినచెక్క, ఆల్‌స్పైస్ అనే మసాలా మిరియం, పసుపు, ఏలకుల వాసన ఉంటుంది గానీ కారం ఉండదు. వండటం అయ్యాక కుండను పెద్ద పళ్ళెం మీద బోర్లిస్తారు. ఇదంతా వంటింట్లో చేసి తెస్తే అది మరొక అన్నపు వంటకం మాత్రమే. ఇక్కడ కుండను బల్ల దగ్గరికి తెచ్చారు. వంటింటి పెద్దమనిషి పళ్ళేన్ని మూతలా కుండ మీద పెట్టి, రెండు చేతులకూ గుడ్డలు చుట్టుకుని, ఒక్క ఊపులో తిప్పి బల్ల మీద దింపారు. తరువాత ఎవరూ కుండను ముట్టుకోలేదు. ఆవిరి సర్దుకుని అన్నం కిందికి దిగాలంటే కొన్ని నిమిషాలు ఆగాలట. బాబును, పాపను పిలిచి కుండ అడుగు మీద అరచేతులతో కొట్టమన్నారు. పాప చేతికి వేడి తగలకుండా ఆయన తన గుడ్డను మడిచి మధ్యలో పెట్టారు. పక్క బల్లల దగ్గరి పిల్లలు కూడా వచ్చి నిలబడ్డారు. కుండ ఎత్తేసరికి గోపురంలా నిలిచిన అన్నం మీద వంకాయ చక్రాలు ముదురు గోధుమ రంగులో మెరుస్తున్నాయి. ఒక పక్క మాత్రం కాలీఫ్లవర్ ముక్కలతో సహా మెల్లగా జారి కూలింది. ఆయన నొచ్చుకున్నట్టు ముఖం పెట్టారు గానీ, కూలిన పక్కనే రుచి ఎక్కువని యజమానురాలు సర్దిచెప్పారు. నిజమే, రసం అంతా అటువైపే చేరింది.

బిర్యానీ తినే నాలుకతో దీన్ని కొలిస్తే నిరాశ తప్పదు. అన్నం పలుకు పలుకుగా విడిపోదు, వంకాయ నూనెను పీల్చుకుని కొంచెం అంటుకుంటుంది. కారం లేదు, ఘాటు లేదు. దానికి తోడుగా ఇచ్చే చల్లని పెరుగు, సన్నగా తరిగి నిమ్మరసం పిండిన టొమాటో, దోసకాయ ముక్కలతో కలిపి తింటే అప్పుడు దాని తీరు అర్థమవుతుంది. వేడి, చల్లన, మెత్తన, కరకర ఒకే ముద్దలో కలిసినప్పుడు ఆ చప్పదనం లోపంలా అనిపించదు. పాప ఆ పూట మూడుసార్లు వడ్డించుకున్నది. కారం లేని అన్నం, మెత్తగా ఉడికిన కోడి, పక్కన పెరుగు ఉంటే నాలుగేళ్ళ పిల్లకు వేరే పిల్లల వంటకాల జాబితా ఎందుకు?

కారం కావాలనుకునే పెద్దలకు గాజా వంట ఉంది. పాలస్తీనా వంట అంతా చప్పగా ఉంటుందనే మాట గాజా దగ్గర చెల్లదు. అక్కడి వంటలో పచ్చిమిరపకాయ, సోయికూర, సోయికూర గింజలు, వెల్లుల్లి బాగా పడతాయి. ఈ భోజనశాలలో గాజా వంటకం ఒక్కటే ఉంది, దాని పేరు దగ్గా. పేరులో కనిపించే దగా రుచిలో లేదు. జిబ్దియ్యె అనే గరుకైన మట్టి గిన్నెలో ఉప్పు, వెల్లుల్లి, పచ్చిమిరపకాయలను కర్ర రోకలితో నూరి, సోయికూర, టొమాటో వేసి దంచి, నిమ్మరసం, ఆలివ్ నూనె కలిపి, ఆ గిన్నెతోనే తెచ్చి పెడతారు. అత్తగారు గిన్నెను చేతిలోకి తీసుకుని, లోపలి గరుకును వేలితో తడిమి, రోలు చిన్నదైనా పని పెద్దదే చేస్తున్నదని అన్నారు. తరువాత మఖ్లూబా అన్నంలో దాన్ని కలుపుకుని తినడం మొదలుపెట్టారు. అలా కలపవచ్చునా అని నేను కాస్త మొహమాటపడ్డాను గానీ, యజమానురాలు చూసి ఇంకొక గిన్నె ఉచితంగా తెచ్చి పెట్టి 'సహ్తైన్' అన్నారు. రెండింతల ఆరోగ్యం కలగాలని దాని అర్థం. తినేవారిని చూసి అనే మాట. మనవారు ఎవరు వెళ్ళినా దగ్గాను మరచిపోవద్దు. ఎర్ర మిరపకాయలతో చేసిన షత్తా అనే ముద్ద కూడా బల్ల మీద ఉంటుంది గానీ, దగ్గా ముందు అది తేలిపోయింది.

గోడల మీద అలంకారం ఎక్కువ లేదు. ఎర్రదారంతో కుట్టిన ఒక పాత నల్లని అంగీని అద్దపు చట్రంలో పెట్టారు. ఆ పనితనాన్ని తత్రీజ్ అంటారు, 2021లో యునెస్కో గుర్తించిన కళ అది. యజమానురాలి అమ్మమ్మ ధరించినదట. ఆ కుట్టులోని నమూనాను బట్టి ఆ అంగీ ఏ ప్రాంతపు ఆడవారిదో చెప్పగలిగేవారట. దాని పక్కన నాబ్లుస్ వీధిలో 2009లో 75 మీటర్ల పొడవున చేసిన కునాఫా ఫోటో ఉంది. అంత పొడవైన ఆ కునాఫాను తినడానికి ఎంతసేపు పట్టిందని బాబు అడిగిన ప్రశ్నకు మాత్రం అక్కడ ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఆ ఫోటో కింద కూర్చుని తిన్న కునాఫా విషయంలోనే నాకు ఒక పూట ఆనందం, ఒక పూట చిరాకు కలిగాయి. నాబ్లుస్ తరహా కునాఫాలో అడుగున ఉప్పునీటిలో నిలవ చేసిన నాబుల్సీ చీజ్‌ను ఉప్పు పోయేదాకా నానబెట్టి పరుస్తారు, పైన నెయ్యితో కలిపిన నారింజ రంగు పొర ఉంటుంది. సన్నని రవ్వలా ఉండే పొరను నాఅమె అంటారు, సేమ్యాలా పోగులుగా ఉండేదాన్ని ఖిష్నె అంటారు. శనివారం మేము మొదటిది తీసుకున్నాము. చిన్న పళ్ళెంలో బుసబుసమంటూ వచ్చింది. ముక్క కోసి ఎత్తితే చీజ్ జానెడు సాగింది. నారింజపూల నీరు కలిపిన పాకం వాసన తీపికంటే ముందు తగిలింది. ఆదివారం నాడు అదే కునాఫాను మఖ్లూబా ఇంకా సగం కాకముందే తెచ్చి బల్ల మీద పెట్టేశారు. మేము దాని దగ్గరికి వచ్చేసరికి చీజ్ రబ్బరులా బిగిసిపోయింది. చెబితే వాదించకుండా తీసుకువెళ్ళి వేరేది తెచ్చారు, కానీ అందుకు ఇరవై ఐదు నిమిషాలు పట్టింది, ఆలోపు పాప నా ఒడిలో నిద్రపోయింది. కునాఫాను పళ్ళాలు తీసేశాక మాత్రమే చెప్పండి, ముందే చెప్పవద్దు.

మిగిలిన ఫిర్యాదులు కూడా కుటుంబాలకు సంబంధించినవే. పసిపిల్లల ఎత్తు కుర్చీలు రెండే ఉన్నాయి, ఆదివారం మధ్యాహ్నం ఆ రెండూ ఒంటిగంటకే అయిపోయాయి. బల్లల మధ్య సందు ఇరుకు కావడం వల్ల పిల్లల బండిని మడిచి గల్లా వెనక పెట్టవలసి వచ్చింది. మరుగుదొడ్డి ఒక్కటే, అందులో పసివారికి బట్టలు మార్చే పలక లేదు. చేతుల తొట్టి విషయంలో అంత ముందుచూపు చూపినవారు దీన్ని ఎలా మరచిపోయారో తెలియదు. పుట్టినరోజు బృందం ఒకటి వచ్చిందంటే ఆ పద్నాలుగు బల్లల గదిలో మాటలు వినబడవు. చెవి మందగించిన పెద్దవారిని తీసుకువెళ్ళేవారు వారం మధ్యలో వెళ్ళడం మేలు. మెయిన్ స్ట్రీట్ మీద బండి నిలపడానికి శనివారం మాకు భోజనానికి పట్టినంత సమయమే పట్టింది. ఆదివారం కాస్త దూరంగా ఆపి నడిచాము. రంజాన్ నెలలో సూర్యాస్తమయం వేళకు ఉపవాసం విరమించే కుటుంబాలతో గది నిండిపోతుందని, ఆ నెలలో గింజలు, తీపి జున్ను పెట్టి మడిచే ఖతాయెఫ్ అనే అట్లు చేస్తామని చెప్పారు. ఆ రోజుల్లో ముందుగా ఫోన్ చేయకుండా వెళ్ళకండి.

ఖర్చు లెక్క కూడా చెబుతాను. ఆదివారం నాడు ఐదుగురికి చాలిన కోడి మఖ్లూబా 70 డాలర్లు, దగ్గా 9, హమ్మస్ 8, రెండు కునాఫాలు 18, కుండ నిండా పుదీనా టీ 7, మొత్తం 112 డాలర్లు అయింది. న్యూజెర్సీ అమ్మకపు పన్ను 6.625 శాతం చొప్పున 7 డాలర్ల 42 సెంట్లు. టిప్పు ఇరవై శాతం చొప్పున మేము 22 డాలర్ల 40 సెంట్లు ఇచ్చాము. రొట్టెలకు, పెరుగుకు, రెండవ దగ్గా గిన్నెకు డబ్బు వేయలేదు. శనివారం ఎవరి పళ్ళెం వారు అనుకుని మొదలుపెట్టినప్పుడు ఇంతకంటే 20 డాలర్లు ఎక్కువ అయింది, తిన్నదేమో తక్కువ.

టీ విషయంలో ఒక చిన్న సలహా. పుదీనా టీ అందరూ తాగుతారు. మరమియ్యె టీ అడిగితే ఎండిన సేజ్ ఆకు వేసి కాచి ఇస్తారు. కాస్త మందు వాసన వేస్తుంది గానీ, అంత నూనె, అంత నెయ్యి తిన్న కడుపుకు అదే హాయి. అత్తగారు చక్కెర లేని ఏలకుల కాఫీని చిన్న కప్పులో ఒక్క గుక్క తాగి, మిగతాది మా వారి వైపు జరిపారు.

మిగిలిన మఖ్లూబాను డబ్బాలో కట్టి ఇచ్చారు. మైక్రోవేవ్‌లో పెట్టవద్దని, మందపాటి పెనం మీద మూత పెట్టి సన్నని మంట మీద వేడి చేయమని యజమానురాలు చెప్పారు. సోమవారం రాత్రి అలాగే చేశాను. అడుగున మాడీ మాడనట్టు పట్టిన పొర కోసం పిల్లలిద్దరూ తగువులాడారు. నవంబరు దాటాక ఒకసారి రమ్మని, ఊరి నుంచి కొత్త నూనె డబ్బాలు వచ్చాక చేసే ముసఖ్ఖన్ రుచి వేరని ఆవిడ చెప్పి పంపారు. డిసెంబరు మొదటి ఆదివారానికి ఐదుగురికి బల్ల చెప్పి పెట్టుకున్నాము, తొడ ముక్కలే కావాలని కూడా చెప్పాము.